ఆకుపచ్చ సీటు

ఆఫీసు గది, చెప్పుల షాపు మేడమీద
జూన్ మొదటివారం

వదినకు,

ఫోను ఉండగా ఈ ఉత్తరాల పిచ్చేమిటని పోయినసారి విసుక్కున్నావు. పొద్దున లేచింది మొదలు నా గొంతు ఫోనులో అమ్మకానికి పెట్టేశాను వదినా. "నమస్తే అండీ, ఏసీ ఉందండీ, కిటికీ పక్క సీటేనండీ." నీతోనూ ఆ గొంతుతోనే మాట్లాడాలంటే నాకే రోత. అందుకే కాగితం. అయినా నువ్వు ఫోనెత్తితే గదా!

ముందు మంచి మాట. రెండో బస్సు వచ్చేసింది! ఇంకొకరి కౌంటరులో కూర్చుని పన్నెండేళ్ళు టిక్కెట్లు కోసిన నేను, ఆడవాళ్ళ యాత్రలకని రెండు బస్సులు నడిపే యజమానురాలిని. నమ్మలేక రోజూ వెళ్ళి షెడ్డులో దాన్ని తట్టి వస్తున్నాను. మన డ్రైవరు హారన్ బాబాయి చూసి నవ్వుతున్నాడు. (హారన్ ఎప్పుడూ కొట్టడు కాబట్టి ఆయనకా పేరు. నువ్వు ఇంకా ఆయన్ని చూడనేలేదు కదూ.)

ఇంకో మాట. ఒక పెద్ద కంపెనీనుంచి టై కట్టుకున్న పెద్దమనిషి వచ్చాడు. వాళ్ళ దగ్గర పనిచేసే ఆడవాళ్ళ ప్రయాణాలన్నీ మనకే ఇస్తారట. అంటే మూడో బస్సు, ఆపైన నాలుగోది. ఆయన మన సీట్ల కాగితం చూసి, "ఈ ఆకుపచ్చ గడి ఏమిటి మేడం, ప్రింటింగు తప్పా?" అన్నాడు.

"తప్పు కాదు సార్. అది ఎవరికీ అమ్మం" అన్నాను. ఎందుకని అడిగితే మన మొదటి ట్రిప్పు సంగతి చెప్పాను. నీకు తెలిసిందే. ఎవరో చివరి నిమిషంలో మానేస్తే కిటికీ పక్క సీటొకటి ఖాళీగా మిగిలింది. సాయంత్రానికల్లా బస్సులో ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరే వెళ్ళి అందులో కాసేపు కూర్చుని వచ్చారు. ఎందుకండీ అంటే ఒకావిడ, "ఊరికే. ఇంట్లో నాదంటూ ఒక మూల లేదు" అంది. అప్పటినుంచీ ఇరవై ఆరు సీట్ల బస్సులో ఇరవై అయిదే అమ్ముతున్నాం. ఆ సీటులో కూర్చున్నవాళ్ళని ఎవరూ ఏమీ అడగకూడదు. ఏడ్చినా సరే, నవ్వినా సరే.

అంతా విని పెద్దమనిషి, "బాగుంది మేడం. కానీ బస్సు డీజిలుతో నడుస్తుంది కదా" అన్నాడు. నేనూ నవ్వాను.

సరే, అసలు విషయం. ఆగస్టులో కొండమీది ట్రిప్పు ఉంది. నువ్వు రావాలి. అన్నయ్య పోయి రెండేళ్ళయింది. నువ్వు వీధి చివర కొట్టు దాటీ రెండేళ్ళే. మన బస్సు సీటు కవర్లన్నీ నువ్వే కుట్టావు, ఒక్కదానిమీదా కూర్చోలేదు. ఇదేం న్యాయం?

నీ
ఆడపడుచు

*

ఇల్లు, మిషను పక్కన
జూన్ మూడోవారం

అర్ధమొగుడికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా! పూర్తి మొగుడు ఏనాడూ నన్నిలా అదిలించలేదు. "నువ్వు రావాలి" అట. ఇది అడగడమా, ఆర్డరా?

రెండో బస్సు మాట చదివి మిషను ఆపేసి, మీ అన్నయ్య ఫొటో దగ్గరికెళ్ళి గట్టిగా చదివి వినిపించాను. నీ గురించి ఆయన, "దీని కాలికి బలపం కట్టి కన్నారే" అనేవాడు. నాకేమో కుర్చీ కట్టి కన్నట్టున్నారు.

నేను రాలేనమ్మా. మొక్కలకు నీళ్ళెవరు పోస్తారు? పిల్లి ఈనింది. బడివాళ్ళు కిటికీ తెరలు కుట్టమని తానులు తానులు తెచ్చి పడేశారు. పైగా బస్సు నాకు పడదు. ఇన్ని కారణాలు చెప్పానంటే ఒక్కటీ నిజం కాదంటావని తెలుసు. అయినా ఇవే నా కారణాలు.

కొత్త బస్సుకి కొలతలు పంపు. మునుపటిలాగే ఇరవై అయిదు నీలం, ఒకటి ఆకుపచ్చ, అంతేగా?

ఆ కొండమీద మబ్బు గదుల్లోకి కూడా వస్తుందని ఎదురింటి టీచరమ్మ అంది. నిజమేనా? ఊరికే అడిగాను.

వదిన

*

ఆఫీసు గది
జులై మొదటివారం

వదినకు,

మబ్బు వస్తుంది. తలుపు తీసి పెడితే మంచం దాకా వస్తుంది. దుప్పటి తడుస్తుంది. వచ్చి చూడు, నమ్ముతావు.

పని ఎక్కువై తల ప్రాణం తోకకొస్తోంది. కంపెనీవాళ్ళు ఒకసారి ఫలానా కాగితం అంటారు, ఇంకోసారి ఇంకోటంటారు. బయట కొత్త బోర్డు పెట్టించాను, గోడలకి రంగు వేయించాను. లోపల కౌంటరు పిల్లకి కుర్చీ కాలు విరిగితే ఇటుక పెట్టాం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత!

కొలతలు ఇందులో ఉన్నాయి. ఈసారి ఇరవై ఆరూ నీలమే కుట్టెయ్యి. ఆకుపచ్చ గుడ్డ ఆ రకంలో ఇక్కడెక్కడా దొరకలేదు. పాత బస్సులో ఎలాగూ ఉందిగా.

త్వరగా కావాలి వదినా. ఏమనుకోకు.

నీ
ఆడపడుచు

*

ఇల్లు
జులై మూడోవారం

అమ్మాయీ,

కవర్లు మూట కట్టి పంపాను. ఇరవై ఆరూ నీలమే. గుడ్డ దొరకలేదంటే నవ్వొచ్చింది. బట్టల బజారు నడిబొడ్డున ఉంటూ నీకు ఆకుపచ్చ గుడ్డ దొరకలేదూ! గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నావు. పోనీలే, బస్సు నీది. కొత్త బస్సుకి కొత్త లెక్క పెట్టుకున్నావేమో. ఆశ లావు, పీక సన్నం కాకుండా చూసుకో, అంతే.

ఒక పని చేసిపెట్టాలి. నాకు తీరిక లేదు గానీ, ఎదురింటి టీచరమ్మ ఆగస్టు ట్రిప్పుకి వస్తానంటోంది. పాత బస్సులో పంపు. ఆకుపచ్చ సీటు పక్కది ఆవిడకివ్వు. జనం మధ్య ఇరుక్కుని కూర్చోవడం ఆవిడకి పడదు. పక్కన ఖాళీగా ఉండాలి. ఇది మాత్రం మర్చిపోకు. టిక్కెట్టు నాకు పంపు, నేనిస్తాను.

పిల్లి పిల్లలు నాలుగు. ఒకటి నీ పోలిక. ఒకచోట నిలవదు.

వదిన

*

ఆఫీసు గది
ఆగస్టు చివర

వదినకు,

కొండమీది బస్సు వెళ్ళొచ్చింది. మీ టీచరమ్మ బాగా చూసి వచ్చిందా? నేను దగ్గరుండి ఎక్కించలేకపోయాను, ఆ పొద్దుటే కంపెనీవాళ్ళు రమ్మన్నారు. ఆవిడ కోరిన సీటే ఇచ్చాం.

కంపెనీ పని దాదాపు అయిపోయినట్టే. ఇంకో సంతకం. పెద్దమనిషి చేయి కలిపి, "మీరు చాలా ముందుకు పోతారు మేడం" అన్నాడు. బస్సులు నడిపేదాన్ని, ముందుకు పోక వెనక్కి పోతానా! ఈ జోకు ఆయనకి చెప్పలేదు, నీకోసం దాచాను. నవ్వు.

పిల్లి పిల్లలెలా ఉన్నాయి? బడివాళ్ళ తెరలు కుట్టడం అయిందా? చాలా రోజులైంది నీ ఉత్తరం వచ్చి.

నీ
ఆడపడుచు

*

ఇల్లు
సెప్టెంబరు రెండోవారం

అమ్మాయికి,

టీచరమ్మ బాగానే వెళ్ళొచ్చానంది.

నాకు కాలు బెణికింది. అందుకే రాయలేదు. మిషను తొక్కడం కష్టంగా ఉంది, కళ్ళూ సహకరించడం లేదు. ఇకమీద కవర్లు అక్కడే ఎవరిచేతైనా కుట్టించుకో. ఊళ్ళో మంచి పనివాళ్ళుంటారు.

నీ పనులు చక్కగా జరగాలి.

వదిన

*

ఆఫీసు గది
సెప్టెంబరు చివర

వదినా,

నీ ఉత్తరం చూసి భయపడ్డాను. నాలుగంటే నాలుగే ముక్కలు, వెక్కిరింపు ఒక్కటీ లేదు. నువ్వు రాసినట్టే లేదు. సరే, కాలు నొప్పి కదా అనుకుని సర్దిచెప్పుకున్నాను. మూడు రోజుల క్రితం హారన్ బాబాయి టీ తాగుతూ మాటల్లో మాటగా ఒకటి అన్నాడు.

"అమ్మా, కొండ ట్రిప్పులో ఒకావిడ మొదటి టీ దగ్గరే దిగిపోయింది. ఒంట్లో బాగాలేదంది. ఆకుపచ్చ సీటు పక్కావిడ. పాపం, మంచి మనిషి. పక్కన పెద్దావిడ సంచీ కొక్కెం తగిలి సీటు కవరు కుట్టు ఊడిపోయింది. ఈవిడేమో దిగబోతూ కూడా 'ఒక్క నిమిషం లేవండమ్మా' అని ఆవిణ్ణి లేపి, సంచీలోంచి సూదీ దారం తీసి కుట్టింది. దారం పంటితో పుటుక్కున తెంపి దిగిపోయింది. నేను వేరే బండి మాట్లాడి ఎక్కించాను, ఒక్కతినే పోతానంది."

దారం పంటితో తెంపిందన్నాడు వదినా. "కత్తెర పక్కనే ఉంది కదే, పళ్ళూడతాయి" అని అన్నయ్య ఎన్నివందలసార్లు తిట్టి ఉంటాడు నిన్ను!

చేతిలోని గ్లాసు కింద పెట్టేసి ఆ బస్సెక్కి ఆ కుట్టు చూశాను. నీ కుట్టే. వెనక్కి వెనక్కి వేసి గట్టిపరిచే ఆ కుట్టు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అక్కడే కూర్చుని ఏడ్చాను.

టీచరమ్మ కాదు, వచ్చింది నువ్వు. రెండేళ్ళ తర్వాత గడప దాటి, ఎవరికీ చెప్పకుండా, నాక్కూడా చెప్పకుండా, ఆ ఒక్క ఖాళీ సీటుని నమ్ముకుని నా బస్సెక్కావు. నేను దాన్ని అమ్మేశాను.

అమ్మడం కూడా కాదు, మొహమాటానికి ఇచ్చేశాను. కంపెనీ పెద్దమనిషి అత్తగారు చివరి నిమిషంలో వస్తానందట. బస్సు నిండిపోయింది. "అదొక్కటీ ఖాళీయేగా మేడం" అన్నాడు. ఒక్కసారికే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. నీకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు కూడా. మూలిగే నక్కమీద తాటిపండు పడ్డట్టు, ఆ పక్క సీటులోనే నువ్వు!

గుడ్డ దొరకలేదన్నదీ అబద్ధమే. కంపెనీవాళ్ళ షరతు ప్రకారం కొత్త బస్సులో ప్రతి సీటూ ఇవ్వాలి. ఆ మాట నీకు రాయడానికి మొహం చెల్లలేదు.

నీ కాలు బెణకలేదని నాకు తెలుసు. తిట్టు వదినా. ఎంత కావాలంటే అంత తిట్టు. ఆ ఉత్తరంలోలాగా మర్యాదగా మాత్రం రాయకు, భరించలేను.

నీ
ఆడపడుచు

*

ఇల్లు
అక్టోబరు మొదటివారం

ఏమే,

తిట్టమన్నావుగా, తిడతాను. చవట. మొహమాటపు మొద్దు. టై కట్టినవాడు కనిపిస్తే చాలు, బుర్ర బీరువాలో పెట్టి తాళం వేసేస్తావు. ఇంకా చాలా అనుకున్నాను గానీ, పంటితో తెంపిన దారం దగ్గర నువ్వు పట్టేశావని చదివి నవ్వొచ్చి కోపం సగం చచ్చింది. పాడు పళ్ళు! ఆయన చెబుతూనే ఉండేవాడు.

ఎవరికీ చెప్పనిది ఇప్పుడు నీకు చెబుతున్నాను. నవ్వకు. బస్సైనా, రైలైనా, ఎక్కిన పది నిమిషాలకే మీ అన్నయ్య నా ఎడమ భుజంమీద తల పెట్టి గురక మొదలెట్టేవాడు. పెళ్ళాలు మొగుళ్ళ భుజంమీద నిద్రపోతారంటారు, మా ఇంట్లో అది తిరగబడింది. ముప్ఫై ఏళ్ళు ఆ బరువు మోశాను. ఆయన పోయాక ఒకసారి డాక్టరు దగ్గరికని బస్సెక్కాను. ఎవరో ఎడమపక్క కూర్చున్నారు, భుజం తగిలింది. అంతే, ఊపిరందలేదు. రెండో స్టాపులో దిగి నడిచి వచ్చేశాను. ఆ తర్వాత ఇంక ఎక్కలేదు. మొక్కలూ కాదు, పిల్లీ కాదు, అదీ సంగతి. ఎవరికైనా చెబితే పిచ్చిదనుకుంటారని భయం.

నువ్వు ఆ సీటు గురించి రాసినప్పుడల్లా, అక్కడైతే కూర్చోగలనేమో అనిపించేది. ఎడమపక్క కిటికీ సీటు ఖాళీ, దాని పక్కన నేను. రాలేకపోతే నీ ముందు పరువు పోతుందని టీచరమ్మ పేరు వాడుకున్నాను. పాపం ఆవిడకి ప్రయాణమంటేనే గిట్టదు. సంచీ సర్దుకున్నాను. పిల్లులకి పాలు పోయమని ఆవిడకే అప్పగించాను. బస్సెక్కేసరికి నేను కుట్టిన ఆకుపచ్చ కవరుమీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడదేం తప్పు? అరటిపండు కూడా ఇచ్చింది. టీ దాకా ఉగ్గబట్టుకున్నాను. ఆపైన నావల్ల కాలేదు.

సీటు ఇచ్చినందుకు కాదు నా కోపం. గుడ్డ దొరకలేదన్నావు చూడు, దానికి. "వదినా, గత్యంతరం లేక అమ్ముతున్నాను" అని ఉంటే నాలుగు తిట్టి నీ పక్కనే నిలబడేదాన్ని. నువ్వు నన్ను కూడా ఫోనులో వాళ్ళలాగే చూశావు. "ఏసీ ఉందండీ" అన్నట్టే అన్నావు.

అయితే నేను మాత్రం నీకు నిజం చెప్పానా? ఇద్దరం దొంగలమే.

కవర్ల సంగతి తర్వాత చూద్దాం. నా కళ్ళకేం రోగం లేదు.

వదిన

*

ఆఫీసు గది
అక్టోబరు చివర

వదినకు,

కంపెనీకి వెళ్ళాను. ఫోనులో చెప్పలేదు, వెళ్ళే చెప్పాను. "ప్రతి బస్సులో ఒక సీటు అమ్మను సార్. పెద్దమనుషులు అడిగినా ఇవ్వను. దానికి ఒప్పుకుంటే సంతకం పెడతాను."

"ఒక్క సీటు కోసమా మేడం?"

"ఒక్క సీటు కోసమే సార్."

ఆయన మంచివాడే. కోప్పడలేదు. కాగితాలు మడిచి, "ఆలోచించుకోండి" అన్నాడు. నేను ఆలోచించుకునే వచ్చానన్నాను. వారం తిరక్కుండానే వాళ్ళు ఇంకొకరికి ఇచ్చేశారు. మూడో బస్సు పోయింది. నాలుగోది అసలు పుట్టనేలేదు.

బాధ లేదని రాయను. చాలా బాధ ఉంది. రెండు రోజులు అన్నం సహించలేదు. షెడ్డులో మూడో బస్సుకని ఊడ్చి పెట్టించిన చోటు చూడలేక తల తిప్పుకుని నడుస్తున్నాను. హారన్ బాబాయి అక్కడ తన సైకిలు పెట్టి, "చూడమ్మా, నిండిపోయింది" అన్నాడు. అప్పుడు నవ్వాను.

పని మాత్రం తగ్గలేదులే. వెళ్ళొచ్చినవాళ్ళు అక్కల్నీ తోడికోడళ్ళనీ పంపుతున్నారు. మెల్లిగా పెరుగుతాం. పరుగెత్తి పాలు తాగడం కన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని అన్నయ్య అనేవాడు కదా.

కొత్త బస్సులో ఒక నీలం కవరు తీసేయించాను. ఆ సీటు ప్రస్తుతం బోడిగా ఉంది. నీకు వీలైతే చూడు.

నవంబరులో కొండమీదికి మళ్ళీ పాత బస్సు వెళ్తోంది. నిన్ను రమ్మని అడగను. ఆ ఆకుపచ్చ సీటు పక్కది మాత్రం ఎవరికీ ఇవ్వను. నువ్వు రాకపోతే ఆ బస్సులో రెండు ఖాళీలు వెళ్తాయి, అంతే.

నీ
ఆడపడుచు

*

కొండమీద, హోటలు వరండా
నవంబరు

అర్ధమొగుడికి,

కాగితం తడిగా ఉంది, అక్షరాలు అలుక్కుపోతే మబ్బుని తిట్టుకో. నిజంగానే లోపలికి వచ్చింది! తలుపు తీసి కూర్చున్నాను, పిల్లిలాగా చప్పుడు లేకుండా వచ్చి మంచం కిందికి దూరింది. నా దుప్పటీ తడిసింది. నువ్వు అబద్ధాలాడని విషయం ఇదొక్కటేనేమో.

బస్సు సంగతి చెబుతాను. ఎక్కాను. హారన్ బాబాయి నన్ను గుర్తుపట్టి, "ఈసారి టీ దగ్గర ఆపమంటారా, ఆపొద్దంటారా?" అన్నాడు. ఆపండి, టీ తాగుతాను అన్నాను. ఆకుపచ్చ సీటులో నా సంచీ పెట్టుకుని పక్క సీటులో మహారాణిలాగా కూర్చున్నాను. ఊపిరి బాగానే ఉంది. భోజనాల దాకా హాయిగా చెట్లూ చేమలూ చూశాను.

బస్సులో ఒక నర్సమ్మ ఉంది. పొద్దున్నించి బస్సంతా నవ్వించి చంపింది. డాక్టర్లని అనుకరిస్తుంది, రోగుల్ని అనుకరిస్తుంది, నడక కూడా చేసి చూపిస్తుంది. కొండ ఎక్కడం మొదలవుతుందనగా ఆ మనిషి లేచి వచ్చి నా పక్కన నిలబడింది. నవ్వు లేదు. "ఖాళీయేనా అండీ?" అంది.

నా సంచీ ఉంది దానిమీద. ఖాళీ కాదని నోటిదాకా వచ్చింది. నిజం రాస్తున్నాను, ఆ క్షణంలో నీ పెద్దమనిషి అత్తగారికన్నా నామీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. రెండేళ్ళకి ధైర్యం కూడగట్టుకుని నేను వచ్చింది ఆ ఖాళీ కోసం. ఆవిడ వచ్చిందీ దానికోసమే. ఇక ఆ సీటు ఏ ఒక్కరిదీ కాదని రూలు పెట్టింది నువ్వాయె!

సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆవిడ కూర్చుంది. భుజం తగిలింది.

ఊపిరి ఆగింది. అచ్చం మునుపటిలాగే. కొండదారిలో దిగడానికి చోటెక్కడ? ఆ ఆకుపచ్చ కవరు అంచు గట్టిగా పట్టుకున్నాను, ఆ ఊడి కుట్టిన చోటే. నేను కుట్టింది ఊడదులే అనుకున్నాను, అర్థం లేకుండా. ఆవిడ కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. చప్పుడు లేదు, వీపు మాత్రం కదులుతోంది. నేనేమీ అడగలేదు. ఎన్ని మలుపులు తిరిగామో తెలియదు గానీ, ఆవిడ ఏడుపు వింటూ నా సంగతి మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి ఊపిరి వస్తూ పోతూ ఉంది.

ఆ తర్వాత ఆవిడ నిద్రపోయింది. తల నా ఎడమ భుజంమీద పెట్టి. గురక కూడా పెట్టింది. పైకి చేరేదాకా నేను కదల్లేదే అమ్మాయీ. కళ్ళు తుడుచుకుందామన్నా చెయ్యి ఎత్తితే లేస్తుందని ఊరుకున్నాను. భుజం ఇప్పటికీ లాగుతోంది. ఆ నొప్పి ఎంత బాగుందో నీకెలా రాయను?

ఆవిడ పొద్దున్నే మళ్ళీ అందర్నీ నవ్విస్తోంది. ఏమిటో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

దిగువన టీ దుకాణం పక్కన బట్టల కొట్టు ఉంది. ఆకుపచ్చ గుడ్డ ఎంత కావాలంటే అంత ఉంది, ఆ రకంలోనే. మూడు కవర్లకు సరిపడా కొన్నాను. ఒకటి నీ బోడి సీటుకి. మిగతా రెండూ కుట్టి పెడతాను, బాబాయిని సైకిలు మెల్లిగా పక్కకి జరుపుకోమను.

వదిన